దొరికింది

సుబేదారి లా కాలేజీ, మూడో గది.
ఫ్యాను కింద సుద్దపొడి తిరుగుతోంది.
బోర్డు మీద రాశాను: కొల్ల.
ఐదు మార్కుల ప్రశ్న, ఏటా వస్తుంది.

యజమాని ఒప్పుకోలేదు, అది మొదటిది.
తీసుకున్నవాడు సొంతానికి తీసుకున్నాడు,
తిరిగిచ్చే ఉద్దేశం లేకుండా.
చుట్టూ యుద్ధముంది,
ఆ యుద్ధం చాటునే చెయ్యి చాచాడు.
ఇవన్నీ కుదిరితే కొల్ల.
ఆకలిగొన్న సైన్యం వడ్లు తీసుకుని
రసీదు రాసిస్తే దాని పేరు వేరు.

"రసీదు ఇయ్యకపోతే?" అన్నాడు వెనక బెంచీ తిరుమలేశ్.
వడ్లు అవే, బస్తా అదే,
మోసేవాడే దొంగ.
నవ్వారు.

ఉదాహరణకు ఎప్పుడూ మా ఇంటినే చెప్తాను.
పరకాల దారిలో ఊరు.
నలభై ఎనిమిది ఎండకాలం, రజాకార్లు వచ్చిన రాత్రి.
పోయినవాటి పట్టీ నాయనమ్మకు నోటికొచ్చు:
వెండి కడియాలు జత.
పాలిచ్చే బర్రె, దాని దూడ.
మూడు పుట్ల జొన్నలు.
తాత కట్టని కొత్త గొంగడి.
ఉట్టి మీది నెయ్యి, ఉట్టితో సహా.
కడియాల దగ్గర కాదు,
ఆ ఉట్టి దగ్గరే ఆమె గొంతు పూడుకుపోయేది.

పిల్లలు రాసుకుంటారు. నేనక్కడ ఆపేస్తాను.
ఇరవై ఆరేళ్లుగా అక్కడే ఆపేస్తున్నాను.

ఈ ఏడు ఆపలేకపోయాను.
అమ్మ పోయాక అటక దింపితే
అన్నిటికన్నా అడుగున రాగి డేగిస దొరికింది.
చూశారా, నేనూ ఆ మాటే అన్నాను.

ఆ ఏడే వానాకాలం చివర పటాలం లారీలొచ్చి
రజాకార్లు పారిపోయాక
మా ఊరి పడమటి వాడలో నాలుగిళ్లు
తలుపులు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయట.
ఆ ఇళ్లల్లో ఎవరూ తుపాకి పట్టలేదు.
ఒకాయన గాజులమ్మేవాడు, ఒకాయన దూదేకేవాడు,
మిగతా ఇద్దరు ఏం చేసేవారో
చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు.

"గీ డేగిస ఎక్కడిదే?" అని చిన్నప్పుడడిగితే
నాయనమ్మ చింతపండు రుద్దుడు ఆపకుండానే
"దొరికింది బిడ్డా" అనేది.
ఎంత సుతారమైన మాట!
తీసుకున్న చెయ్యి అందులో కనపడదు.
వస్తువే తనంతట తాను నడిచొచ్చి
మన పొయ్యి మీద కూచున్నట్టు ఉంటుంది.

దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాను.
అంచు పొడుగునా చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు.
నాకు చదవడం రాదు. నుస్రత్‌ను పిలిచాను.
కిటికీ వెలుగుకు వంచి పట్టుకుని
కుడినుంచి ఎడమకు వేలు నడిపింది.
"జైతూన్ బీ" అంది.
"తర్వాత ఇంకో పేరుంది మేడమ్. అరిగిపోయింది."

అరగదీసింది మా చింతపండే.

"ముందు చేసింది వాళ్లే కద మేడమ్"
అన్నాడు తిరుమలేశ్, ఈసారి నవ్వకుండా.
అది నా ఇంటి ప్రశ్న. జవాబు పుస్తకంలో ఉంది:
చెల్లదు.
జైతూన్ బీ మా బర్రెను తోలుకుపోలేదు.
తోలుకుపోయినవాడి ఇంటివాళ్లయినా సరే,
మనది పోయిందన్న ఏడుపు
ఇంకొకరి డేగిసకు రసీదు కాదు.

మరి ఇన్నేళ్ల తర్వాత?
రాగికి చిలుము పడుతుంది,
ఈ నేరానికి కాలదోషం పట్టదు.
పాఠం చెప్పే గొంతుతోనే అన్నాను గాని
సుద్దముక్క చేతిలో రెండయింది.

నాలుగిళ్లున్న చోట ఇప్పుడు పత్తి గోదాము.
ఎవరికివ్వాలి, ఏమని చెప్పి ఇవ్వాలి?

గంట కొట్టారు.
హాజరు పుస్తకం వెనక అట్ట మీద
పోయినవాటి పట్టీ మళ్లీ మొదలుపెట్టాను,
కడియాలు, బర్రె, దూడ, జొన్నలు, గొంగడి, ఉట్టి,
దాని కింద గీత కొట్టకుండానే
రాగి డేగిస ఒకటి, జైతూన్ బీది.

గది ఖాళీ అయింది.
నుస్రత్ ఇంకా కిటికీ దగ్గరే ఉంది,
రెండో పేరు కోసం
గోటితో చిలుము గీరుతూ.